మైనం కాగితం, మా బావగారి బిస్కెట్లు

వంటింటి సొరుగులో బటర్ పేపర్‌ని, మైనం కాగితాన్ని పక్కపక్కనే పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. రెండూ పల్చగా, నున్నగా, చుట్టలుగా ఉంటాయి. గుణాల్లో మాత్రం ఎక్కడా పొంతన లేదు. బేకింగ్‌కి వాడే బటర్ పేపర్‌కి సిలికాన్ పూత ఉంటుంది. 200 డిగ్రీల వేడికీ చలించదు. రెండోదానికి పూసేది పారఫిన్ మైనం. 60 డిగ్రీల దరిదాపుల్లోనే కరిగిపోతుంది.

ఇవేవీ పట్టని మా బావగారు, అక్క నిద్ర లేచేలోగా బిస్కెట్లు చేసి ఆశ్చర్యపరుద్దామని చేతికందిన చుట్ట లాగి ట్రేలో పరిచారు. ఓవెన్‌ని 180లో పెట్టారు. కాసేపటికి అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన మొదలైంది.

"బావగారూ, పొగ వస్తోంది" అన్నాను.

"బిస్కెట్లు కాలుతుంటే పొగ రాక పన్నీరు చల్లుతారా?" అన్నారు.

ఈలోగా ఫైర్ అలారం మోగింది. అక్క ఉలిక్కిపడి లేచింది. ఆశ్చర్యపరచాలన్న బావగారి కోరిక ఆ విధంగా తీరింది.

ట్రే బయటికి తీస్తే పిండి కప్పిన చోట కాగితం బాగానే ఉంది. ఏమీ కప్పని అంచులే నల్లబడి మెలికలు తిరిగాయి. తడి పిండి కింద వేడి అంతగా ఎక్కదు మరి. ఆ సంబరం కాస్తా బిస్కెట్ ఎత్తేదాకానే. కరిగిన మైనాన్ని అడుగుభాగం పీల్చుకుంది, కాగితమేమో వదలనంది. బావగారు గోటితో గీకి గీకి, "పైపైన కొరుక్కుని తినండి, బాగానే ఉంటాయి" అన్నారు. ఎవరూ ముందుకు రాలేదు.

"అది చీజ్ చుట్టడానికి, జిగురు పనులప్పుడు బల్ల మీద పరచడానికండీ! వేడి తగలకూడదు" అంది అక్క.

"మరి నేను ఇస్త్రీపెట్టె పెడతాను కదమ్మా?" అంది మేనకోడలు.

న్యాయమైన ప్రశ్నే. దాని క్రాఫ్ట్ పని నడిచేదే మైనం కరగడం మీద. రెండు కాగితాల మధ్య ఎండుటాకులు, క్రేయాన్ తురుము పెట్టి ఇస్త్రీ చేస్తే అంతా అతుక్కుని రంగురంగుల బొమ్మ తయారవుతుంది. కాకపోతే పైనా కిందా పాత గుడ్డ వేయాలి. అది వేయలేదన్న సంగతి, ఆ ఇస్త్రీపెట్టె బావగారి తెల్లచొక్కా ఎక్కాక బయటపడింది. జేబు నుంచి అంచుదాకా ఆకుపచ్చ చార!

"కంగారు పడకండి. మరక మీద కాగితం వేసి గోరువెచ్చగా ఇస్త్రీ చేస్తే మైనం దానికి పట్టేస్తుంది. రంగు సంగతి తర్వాత చూద్దాం" అంది అక్క.

బావగారు పరుగున వెళ్లి కాగితం తెచ్చి చొక్కా మీద పరిచారు. ఇస్త్రీపెట్టె ఆనించబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన తెచ్చింది మైనం కాగితమే.