మంచం దింపడమూ వైద్యమే

2025 జులైలో భూమికి తిరిగొచ్చిన శుభాంశు శుక్లా అంతరిక్షంలో గడిపింది దాదాపు 20 రోజులు. ఆ కొద్ది రోజులకే ఆయన మళ్లీ నడక కుదుర్చుకోవడానికి వైద్యుల పర్యవేక్షణలో ఉండాల్సి వచ్చింది. తుంటి విరిగి అంతకంటే ఎక్కువ రోజులు మంచంలో ఉన్న పాలమూరు అవ్వకు మాత్రం గోలీల చీటీ ఇచ్చి ఇంటికి పంపిస్తే సరిపోతుందనుకుంటున్నాం. ఈ ఇద్దరి ఒంట్లో జరిగేది చాలా మటుకు ఒకటే.

భారరహిత స్థితిలో ఒళ్లు ఎలా మారుతుందో నేలమీదే తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడేది మంచాన్నే. తల వైపు ఆరు డిగ్రీలు పల్లంగా ఉంచుతారు. ఆరడుగుల మంచానికైతే కాళ్ల దిక్కు కోళ్ల కింద జానెడుకు కాస్త తక్కువ ఎత్తు పెట్టినట్టు. ఈ వాలు ఊరికే పుట్టలేదు. తిరిగొచ్చిన సోవియట్ వ్యోమగాములు సమంగా ఉన్న పరుపు మీద పడుకుంటే కాళ్ల వైపుకు జారిపోతున్నట్టు ఉందన్నారు. ఆ అనుభవమే దీనికి దారి చూపింది. 2019లో జర్మనీలోని కొలోన్‌లో కొందరు 60 రోజులు ఇలాగే పడుకున్నారు. తిండి, స్నానం అన్నీ పడుకునే.

మనం నిలబడ్డప్పుడు అర లీటరుకు పైగా నెత్తురు కాళ్లలోకి, పొట్ట దిగువకు చేరుతుంది. పడుకుంటే అది ఛాతీ వైపు మళ్లుతుంది. గుండె గదులు నిండుగా సాగేసరికి ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడుతుంది, మూత్రపిండాలు ఆ నీటిని బయటికి తోడేస్తాయి. కొద్ది రోజుల్లోనే నెత్తురులోని ద్రవభాగం పదో వంతు వరకు, ఒక్కోసారి అంతకు మించి తగ్గుతుంది. ఇన్నాళ్లూ కిందికి జారే నెత్తురును పైకి నెట్టిన రక్తనాళాలు, పిక్కల కండరాలు కూడా ఆ పని మరుస్తాయి. అప్పుడు ఒక్కసారిగా లేపి నిలబెడితే మెదడుకు నెత్తురు చాలదు. కళ్లు తిరుగుతాయి, మనిషి కూలబడతాడు. ఒకసారి విరిగిన తుంటి బాగుపడేలోపే రెండోది విరిగేది ఇలాగే. కదలని కాళ్లలో నెత్తురు గడ్డకట్టే ముప్పు సరేసరి.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులు ఐదుగురిని మూడు వారాలు మంచానికే పరిమితం చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, వయసు వాళ్ల శ్రమశక్తిని తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ తగ్గించిందని తేలింది. ఇరవయ్యేళ్లవాడికే అంత దెబ్బైతే డెబ్బయ్యేళ్ల మనిషి మాటేమిటి?

‘బెడ్ రెస్ట్ రాసిండ్రు, లేవకు అవ్వా, పండుకో’ అనే మాటలో ప్రేమ ఉంది. దాన్ని మేం తప్పుపట్టడం లేదు. గుండె, వెన్నెముక దెబ్బలున్నవారిని ఎప్పుడు కదపాలో డాక్టరే చెప్పాలి. కానీ జ్వరం తగ్గినా, ఆపరేషన్ అయి రోజులు గడిచినా మంచం దిగనివ్వకపోవడం సేవ కాదు. బాలింతల విషయంలోనూ ఇదే మాట. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను బిగించేసిన మర్రిగూడ వైపు మనుషులను చూసిన నల్లగొండకు, ఏళ్ల తరబడి మంచం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. లేవగలిగిన వాళ్లనైనా మంచానికి అప్పగించకుండా చూసుకోవాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులతో మొదలుపెట్టి, ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ రోగి చేరిన రోజే ఎప్పుడు కూర్చోబెట్టాలి, ఎప్పుడు నడిపించాలి అన్నది కేసు షీటులో రాయాలని మేం కోరుతున్నాం. ఫిజియోథెరపిస్టు తన గదిలో ఎదురుచూడకుండా వార్డుకు రావాలి. ప్రతి మంచం పక్కన చేతులున్న కుర్చీ ఒకటి ఉండాలి. ఇంటికి పంపే ముందు రోగి కొడుకునో కోడలినో పిలిచి చూపించాలి: ముందు కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి, పాదాలు ఆడించమనండి, తల తిరగడం లేదంటేనే చెయ్యి పట్టి లేపండి.