కొత్త పేజీ ముందు ఆగిపోయే చేతులు

తిరుపతిలో పియానో నేర్చుకునే పిల్లవాడిని ఎవరైనా మొదట అడిగేది, ఎన్నో గ్రేడు, అంటే సంగీత పరీక్షల్లో ఎన్నో మెట్టు అని. ఎన్నో తరగతి అన్నంత మామూలుగా అడిగేస్తారు. పిల్లల సంగీతానికి అడ్డుపడుతున్నది ఆ ప్రశ్నేనని నా నమ్మకం.

గత నెల బైరాగిపట్టెడలో మిత్రుడి కూతురు మూడో గ్రేడు పాఠం వాయించింది. ఎక్కడా తడబడలేదు, పుస్తకం వంక చూడనూ లేదు. మెచ్చుకుని, మొదటి గ్రేడు పుస్తకంలో ఆమె ఎప్పుడూ వాయించని పేజీ తీసి ముందు పెట్టాను. కుడిచేయి రెండు స్వరాలు వెతుక్కుంది. ఎడమచేయి ఒళ్లోంచి లేవలేదు. ‘‘ఇది మిస్ చెప్పలేదు అంకుల్’’ అంది. ఏడాదంతా మూడు పాఠాలే సాధన చేసిందట.

తప్పు ఆమెది కాదు, పరీక్షలదీ కాదు. ఈ గ్రేడు పరీక్షలు పెట్టే బ్రిటన్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ గ్రేడునే చూడండి. మొత్తం 150 మార్కుల్లో మూడు పాఠాలకు 90, ముందు చూడని సంగీతాన్ని అప్పటికప్పుడు చదివి వాయించడానికి 21. ఉత్తీర్ణతకు 100 చాలు. అంటే చదవడం కూడా రావాలనే పరీక్ష అడుగుతోంది. మార్కుల లెక్కల్లో ఆరితేరిన మనమే ఆ 21ని వదిలేసుకుంటున్నాం. రేపు గురువు లేనినాడు సొంతంగా పుస్తకం తెరిచి వాయించుకోవడానికి పనికొచ్చేది ఆ విద్యే.

గ్రేడు లేకపోతే పిల్లలు కూర్చోరని తల్లిదండ్రులు అంటారు. గడువు కావాలన్నది నిజమే. ఆదివారం తాతయ్య ముందు వాయించాలన్నా అది గడువే కదా!

సాధన ఎలా చేయాలో మనకు కొత్తగా ఒకరు చెప్పనక్కర్లేదు. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరసలను మాయామాళవగౌళ రాగంలో మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడించే సంప్రదాయం మనది. మొదటి కాలం కుదరాకే రెండోది. అదే ఇంటి పిల్లలు పియానో ముందు కూర్చోగానే అసలు వేగం అందుకోబోతారు. తడబడితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. మొదటి వరుస వందసార్లు మోగుతుంది, తడబడిన చోటు అలాగే ఉండిపోతుంది. ఆ చోటునే పట్టుకుని, ఒక్కో చేయి విడిగా, సగం వేగంలో వాయించే ఓపిక ఉన్నవారే ముందుకు వెళ్తారు.

ఓపిక సగమే. మిగతా సగం అవకాశం. చిత్తూరు చర్చిల్లో ఆదివారం కీబోర్డు వాయించే కుర్రాళ్లను గమనించండి. నిండు ప్రార్థన మధ్యలో ఆగడానికి వీల్లేదు. తప్పు పడితే వదిలేసి తర్వాతి మాట అందుకుంటారు. పాడేవారు శ్రుతి పెంచితే వెంట వెళ్తారు. తలుపు మూసిన గదిలో ఏళ్ల తరబడి కూర్చున్నా ఈ విద్య అబ్బదు. వీణ, మృదంగం నేర్చుకునే పిల్లలకు గురువు పక్కన కూర్చుని పది మంది ముందు వాయించే అలవాటు ఉంది. పియానో పిల్లలకు శ్రోత అంటే పరీక్షకుడే.

అందుకే తొమ్మిదో తరగతి రాగానే, కోచింగ్ పేరుతో పియానో మీద గుడ్డ కప్పడం అంత తేలికవుతోంది. వినేవారు లేని వాయిద్యం ఆగిపోతే అడిగేదెవరు? పరీక్షలో రానిదాన్ని చదువే కాదనుకునే ఈ అలవాటు లెక్కల్లోనూ, తెలుగులోనూ మన పిల్లలను అలాగే కొత్త పేజీ ముందు నిలబెడుతోంది.

బడుల్లో కీబోర్డును వార్షికోత్సవానికి మాత్రమే బయటికి తీస్తున్నారు. దాన్ని ఉదయం అసెంబ్లీకి తెచ్చి, వారానికొక విద్యార్థికి ప్రార్థన గీతం వాయించే పని అప్పగించండి. రుసుము లేదు, గ్రేడు లేదు. బైరాగిపట్టెడ అమ్మాయి వచ్చే సోమవారమే మొదలుపెట్టవచ్చు.