రెండో ఫీడు గారికి, తిరుపతి నుంచి

శ్రీయుతులు రెండో కోయాక్సియల్ ఫీడు గారి సముఖానికి,

తిరుపతి నుంచి, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఒక యాంటెన్నా గీస్తున్న ఎంటెక్ విద్యార్థి నమస్కరించి రాయునది. ఆ యాంటెన్నాకి పవర్ మోసుకొచ్చే రెండు కేబుల్ కొసల్లో (ఫీడుల్లో) తమరు రెండోవారు. ఇక్కడ ఎండలు, ఉక్కపోత, హాస్టల్ సాంబారు అన్నీ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. నాలుగు రాత్రుల నా నిద్రంతా తిన్నారు కదా, ఒళ్ళు చేసే ఉంటారు.

మీ అన్నగారు మొదటి ఫీడుతో నాకు పేచీ లేదు. 1.6 మిల్లీమీటర్ల ఎఫ్ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు) షీటు మీద 29 మిల్లీమీటర్ల చదరపు లోహపు ముక్క, అంటే ప్యాచ్, గీశాను. షీటు కింద గ్రౌండ్ అనే లోహపు నేల. ఫీడు మధ్యలో పిన్ను 1.27, చుట్టూ టెఫ్లాన్ 4.1 మిల్లీమీటర్లు. మొదట్లో టెఫ్లాన్ మర్చిపోయి ఖాళీగా వదిలేస్తే కేబుల్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) 70 ఓమ్‌లు చూపించింది. నింపాక కావాల్సిన 50 దగ్గరికి దిగింది. అన్నగారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర గ్రాఫులో బుద్ధిగా లోయ గీశారు, అంటే పవర్ వెనక్కి కొట్టకుండా లోపలికి తీసుకున్నారు.

తమర్ని విడిగా గీయలేదు. అన్నగారినే 90 డిగ్రీలు తిప్పి కాపీ కొట్టాను. ఆయన అడ్డం, మీరు నిలువు. ప్యాచ్ చదరం, మీరిద్దరూ కవలలు. ఆ లెక్కన ఎస్11, ఎస్22 గీతలు (అన్నగారి నుంచి, తమరి నుంచి ఎంత పవర్ వెనక్కొచ్చిందో చూపేవి) ఒకదాని మీద ఒకటి పడాలి. తమరేమో సున్నా డీబీ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పంపిన పవరంతా పంపినట్టే వెనక్కి!

అయినా నేను మీ పక్షానే ఉన్నాను సుమా. ఎందుకంటే మీ ఇద్దరి మధ్య ఐసొలేషన్, అంటే ఒకరి సిగ్నల్ ఇంకొకరిలోకి దూరకపోవడం, మైనస్ 90 డీబీ వచ్చింది. మైనస్ ఎంత పెరిగితే అంత మంచిది. ఎఫ్ఆర్4 మీద! ల్యాబులో అందరికీ టీ ఇప్పించాను. పేపర్‌కి టైటిల్ కూడా రాసుకున్నాను. గ్రాఫ్ ప్రింటు తీసుకుని మా సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఏంది నాయనా ఇది? వాకిలికి గోడ కట్టేసి, దొంగలు రాలేదని సంబరపడతా ఉండావా?" అన్నారు.

అప్పుడు చూశాను. తిప్పి కాపీ కొట్టినప్పుడు పిన్ను వచ్చింది, టెఫ్లాన్ వచ్చింది, బయటి లోహం వచ్చింది. అన్నగారి కోసం గ్రౌండ్‌లో కోసిన చిల్లు మాత్రం రాలేదు. తమరు గ్రౌండ్‌ని కరుచుకుని షార్ట్ అయిపోయి ఉన్నారు. కేబుల్ గోడకి కొట్టుకుని ఆగింది, ప్యాచ్ దాకా ఏమీ చేరలేదు.

మరి అన్నగారికైనా నొప్పి తెలియాలి కదా? తెలీదు. ఆయన మోడ్‌లో (ఆయన పవర్‌తో ప్యాచ్ మీద వోల్టేజి పరుచుకునే తీరులో) వోల్టేజి సున్నా అయ్యే గీత మీదే తమరి నివాసం. అక్కడ ప్యాచ్‌ని నేలకి కట్టేసినా ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. డ్యుయల్ పోలరైజేషన్ (ఒకే ప్యాచ్ నుంచి అడ్డం, నిలువు తరంగాలు రెండూ) నడిచేదే ఆ గీత వల్ల, నా తప్పు నాలుగు రోజులు దాక్కున్నదీ దాని చాటునే. సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పక్కర్లేదు. ఎర్రర్లు సున్నా, కన్వర్జ్ అయింది (లెక్క కుదురుకుంది) అంది. నేను గీసిన తప్పు బొమ్మకి అది రైటు జవాబే ఇచ్చింది మరి.

చంద్రగిరి దాటి గాదంకి వెళ్తే అక్కడి, వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్‌లో 32 వరసలు, వరసకి 32 చొప్పున, 1024 జతల యాగీ యాంటెన్నాలు ఒకదానికొకటి అడ్డంగా నిలబడి ఉంటాయి. అన్నిటికీ కనెక్షన్లు ఇచ్చిన మహానుభావులకి దండం పెట్టుకున్నాను. నాకు రెండే, అందులో ఒకటి తమరు.

నిన్న చిల్లు కోశాను. ఎస్22 వెళ్ళి అన్నగారి మీద పడింది, ఐసొలేషన్ మైనస్ 24కి వచ్చింది. టీ డబ్బులు ఎవరూ తిరిగివ్వలేదు. సార్ మాత్రం, "ఇప్పుడు నమ్మొచ్చు. రెండో పోర్టుకి 90 డిగ్రీల ఫేజ్ తేడా ఇచ్చి సర్క్యులర్ పోలరైజేషన్, అంటే తిరుగుతా పోయే తరంగం, చూడు" అన్నారు. ఇచ్చాను. రన్ నడుస్తోంది. ఈసారి ఏం మర్చిపోయానో తెల్లారేలోగా చెప్పేస్తే, పోయి పడుకుంటాను.

ఇట్లు,
తమరి కింద ఆలస్యంగా చిల్లు కోసినవాడు