ఈ వయసులో పిల్లికూనేంటి అంటున్నవాళ్లకి

మా ఆడపడుచు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు, ఎదురు ఫ్లాట్ కోడలు పిల్ల, ఆఖరికి కింద కూరగాయల బండి అతను కూడా ఇదే అడుగుతున్నారు: "ఈ వయసులో మీకెందుకండీ ఈ తద్దినం?" నాకు 64. బీపీ ఉంది, మోకాళ్లు నొప్పులు. ఒప్పుకుంటాను.

మూడేళ్ల కిందట కోడలి పురిటికి డల్లాస్ వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. రాత్రి రెండింటికి పసివాడు లేస్తే ఎత్తుకుని తిప్పింది నేనే, పొద్దున్నే ఇద్దరికీ బాక్సులు కట్టిందీ నేనే. అప్పుడూ ఇవే మోకాళ్లు, ఇదే బీపీ. ఒక్కరంటే ఒక్కరు "ఈ వయసులో" అనలేదు. పైగా అదృష్టవంతురాలివి అన్నారు. నేనూ సంతోషంగానే చేశాను, అది వేరే సంగతి. కానీ విద్యానగర్‌లో నా సొంతింట్లో, నా పెన్షన్ డబ్బుతో, అరచేతిలో పట్టే ప్రాణాన్ని సాకుతుంటే మాత్రం అందరికీ ఒక్కసారిగా నా వయసు గుర్తొచ్చింది. మన దగ్గర పెద్దవాళ్ల ఒంట్లో ఓపిక ఉందో లేదో తేల్చేది ఆ పని ఎవరి కోసం అన్నదాన్ని బట్టే.

ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లి కూడా కాదిది. తల్లి మా సందు చివర బండి కింద పడి చనిపోయింది, వాచ్‌మన్ కళ్లారా చూశాడు. మర్నాడు వానలో, సెల్లార్‌లో జనరేటర్ వెనక నుంచి సన్నగా అరుపు. కళ్లు కూడా తెరవలేదు. వంటింటి త్రాసు మీద పెడితే 130 గ్రాములు. ఒక మాట చెప్పాలి, కూన ఒంటరిగా కనబడగానే ఎవరూ ఎత్తుకొచ్చేయకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఒకదాన్ని నోట కరుచుకెళ్లి రెండోదాని కోసం వెనక్కి వస్తూ ఉండొచ్చు. కూన వెచ్చగా, క్షేమంగా ఉంటే కొన్ని గంటలు దూరం నుంచి చూడాలి. దీని విషయంలో ఆ ఆశ లేదు కాబట్టే తెచ్చాను.

తెచ్చాక సలహాల వాన. "గిన్నెలో పాలు పోయండి ఆంటీ, అదే తాగుతుంది." ఎన్ని కూనలు ఈ గిన్నె పాల వల్ల పోతున్నాయో! మనం తెచ్చుకునే ప్యాకెట్ పాలు దానికి అరగవు. విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరు పోయి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లికూనల కోసం వేరే పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది, అదే పట్టాలి. అంతకన్నా ముఖ్యమైనది, చల్లబడిపోయిన కూనకు ముందు పాలు పట్టకూడదు. మూడు నాలుగు వారాల దాకా దాని ఒళ్లు తన వేడిని తాను నిలుపుకోలేదు, చల్లటి ఒంట్లో పాలు అరగవు. వేడినీళ్ల బ్యాగ్‌కి తువ్వాలు చుట్టి, పక్కన పడుకోబెట్టి, ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. అదీ మనం పసిపిల్లల్ని ఒళ్లో వెల్లకిలా వేసుకుని పట్టినట్టు కాదు. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి, బొట్టు బొట్టుగా. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రెండు మూడు గంటలకోసారి ఇదే పని, పగలూ రాత్రీ. పాలు తాగాక గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో కింద మెల్లగా తుడవాలి, లేకపోతే కూన ఒంటికి, రెంటికి పోలేదు. తల్లి నాకి చేసే పని అది. మా ఆయన పొద్దున సంధ్యావందనం చేసుకునే మనిషి, రాత్రి ఒంటిగంటకి దూది పట్టుకుని "అయిందా, అయిందా" అని దాన్ని బతిమాలుతుంటే నాకు నవ్వాగలేదు. ఎలాగూ ఈ వయసులో మాకిద్దరికీ రెండింటికి మెలకువ వస్తుంది. ఇదివరకు సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకునేవాళ్లం. పొద్దున ఆఫీసుకి పరిగెత్తే పాతికేళ్ల పిల్లలు ఈ పాల వేళలు ఎక్కడ పాటించగలరు? రోజూ తూచి రాసుకునేవాళ్లం. పది గ్రాములు పెరిగిన రోజు మా ఇంట్లో పండగ.

అసలు గొడవ అది అన్నం తినే వయసుకి వచ్చాక మొదలైంది. మాది శాకాహారం ఇల్లు. "పెరుగన్నం అలవాటు చెయ్యి వదినా, అన్నీ అవే అలవాటవుతాయి" అంది మా ఆడపడుచు. అవదమ్మా. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే అందాలి, సహజంగా అది దండిగా దొరికేది మాంసం, చేపల్లోనే. అది లేకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. నా మడి కోసం దాని కళ్లు పోగొట్టే హక్కు నాకెక్కడిది? డాక్టరు గారు చెప్పిన పిల్లుల మేత పెడుతున్నాం. రామ్‌నగర్ చేపల మార్కెట్ మాకు దగ్గరే కాబట్టి అప్పుడప్పుడు వాచ్‌మన్ చేప తెచ్చిపెడతాడు. బాల్కనీలో వేరే స్టవ్, వేరే గిన్నె. ముల్లు తీసేటప్పుడు మొదట్లో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు లేదు.

ఎదురు ఫ్లాట్ పిల్ల గర్భిణి, ఆమె భయం అర్థం చేసుకోదగ్గదే. పిల్లి మలంలో ఒక క్రిమి ఉండొచ్చు, అది కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు, నిజమే. కానీ అది అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పిల్లి దొడ్డికి పెట్టిన ఇసుక రోజూ తీసేస్తే చాలావరకు భయం లేదు, ఆ పని గర్భిణులు చేయకుండా ఉంటే మరీ మంచిది. పైగా అది సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని కూరగాయల వల్ల కూడా వస్తుంది. ఆమెకి కూర్చోబెట్టి చెప్పాను, శాంతించింది. సెక్రటరీ గారు మాత్రం ఇంకా గ్రూపులో వాయిస్ మెసేజులు పెడుతూనే ఉన్నారు.

మాలాంటి ఇళ్లకి ఒక హెచ్చరిక. మన మంచం పక్కన డబ్బాలో ఉండే పారాసెటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు, ప్రాణం తీయడానికి. జ్వరంగా ఉంది కదా అని ముక్క వేయకండి. కింద పడ్డ మాత్ర వెతికి తీసేయండి.

ఇన్ని మాటల్లో నేను గౌరవించిన ప్రశ్న ఒక్కటే, మా మేనకోడలు అడిగింది: "అత్తా, పిల్లులు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి కదా, మీ తర్వాత దానికెవరు?" లెక్క వేసుకుంటే నాకు ఎనభై ఏళ్లు దాటొచ్చు. ఈ ప్రశ్నకి పిల్లిని తీసుకెళ్లి మార్కెట్లో వదిలేయడం జవాబు కాదు. అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. మేనకోడలే తీసుకుంటానంది. నోటిమాట వద్దన్నాను. టీకాల పుస్తకం, డాక్టరు నంబరు, దాని ఖర్చులకి ఒక చిన్న డిపాజిట్, అన్నీ కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం. మా అబ్బాయి ఫోన్లో నవ్వాడు, మన ఇంటికి కూడా ఇంత పక్కాగా వీలునామా రాయలేదు కదమ్మా అని. రాయలేదు, నిజమే.

వచ్చే నెల దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆ వారం ఏ పెళ్లికీ, గృహప్రవేశానికీ రాను, ముందే చెప్తున్నాను. కార్డు ఇవ్వడానికి మీరు రావచ్చు. తలుపు తీసేటప్పుడు మాత్రం కాళ్ల దగ్గర చూసుకోండి, సందు దొరికితే మెట్ల మీదికి ఉరుకుతుంది. దాన్ని పట్టుకోవడానికి మూడు అంతస్తులు దిగడమే, నిజం చెప్పాలంటే, ఈ వయసులో నా వల్ల కాని పని.