జింక్ ఆక్సైడ్ అందరికీ నప్పదు

సన్‌స్క్రీన్ల ఎంపిక గురించి వచ్చిన వ్యాసంలో, సున్నితమైన చర్మానికి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ (ఎండను అడ్డుకునే తెల్లటి ఖనిజ పొడులు) ఉన్న సన్‌స్క్రీన్లే మేలన్న వ్యాసకర్త మాటతో ఏకీభవిస్తాను. అయితే అదే సలహాను అన్ని రకాల చర్మాలకూ వర్తింపజేయడం సరికాదు. చెన్నైలో వేళచ్చేరి నుంచి రోజూ స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్లే నాలాంటి చామనఛాయ వాళ్లు జింక్ ఎక్కువున్న క్రీము రాసుకుంటే ముఖం విభూతి పూసినట్టు తెల్లబడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగేసరికి కనుబొమల పక్కన ఆ క్రీము చెమటకు చారలు కడుతుంది. ఆ భయంతో పలుచగా పూసుకుంటే, చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల క్రీము లెక్కన పరీక్షించి ఇచ్చిన ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50 రక్షణ మనకు దక్కదు. జిడ్డు చర్మానికి జెల్ రూపంలోని రసాయన ఫిల్టర్లు (ఖనిజ పొడులకు బదులు ఎండలోని హానికర కిరణాలను పీల్చుకునే రసాయనాలు) నయం. కాకపోతే వాటిలో ఒకటైన అవోబెంజోన్ ఎండకు తానే విచ్ఛిన్నమవుతుంది కనుక, దాన్ని నిలకడగా ఉంచే ఆక్టోక్రిలీన్ వంటిది తోడుందో లేదో చూసుకోవాలి. (అలాంటి జెల్ మా అమ్మకు కళ్లలో మండింది, ఆవిడ తిరిగి జింక్‌కే వెళ్లారు.) వ్యాసం వదిలేసిన ముఖ్యమైన విషయం మంగు మచ్చలు. కంటికి కనిపించే వెలుగు కూడా వాటిని ముదురు చేస్తుంది. దాన్ని సాధారణ సన్‌స్క్రీన్ పెద్దగా ఆపదు, ఐరన్ ఆక్సైడ్ (రంగునిచ్చే ఖనిజ పొడి) కలిపిన లేతరంగు రకమైతే మెరుగ్గా ఆపుతుంది. మా అక్క ఇప్పుడు ట్యూబు వెనక ముందుగా ఆ పేరే వెతుకుతుంది.