తొమ్మిది ఎమ్మెమ్ కార్బైన్ గారి సముఖమునకు

పిస్టల్ గుండు పేల్చే పొట్టి రైఫిల్ అయిన మహారాజశ్రీ కార్బైన్ గారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క నా కుడి భుజం తప్ప. నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. ముందు తుపాకులు కాల్చుకునే రేంజ్‌లో మిమ్మల్ని అద్దెకు తీసుకుని కాల్చాను. తర్వాత ముందు గదిలోని షాపులో నిలబడి అమ్మే పెద్దమనిషి నోట మీ గొప్పలు విన్నాను. నేను కాల్చింది, ఆయన పొగిడింది ఒకే తుపాకీని అంటే నమ్మబుద్ధి కాలేదు.

పిస్టల్ గుండే కాబట్టి, పైగా భుజానికి ఆనించుకుంటారు కాబట్టి, తన్నే ప్రసక్తే లేదని కౌంటర్ వెనకాల ఉన్న గడ్డం పెద్దమనిషి మాటిచ్చాడు. పిస్టల్ కంటే మెత్తన అన్నమాట నిజమే. కానీ పక్క లేన్‌లో ఏఆర్-15 రైఫిల్ కాలుస్తున్న ఒకాయన దయతలచి నన్నూ కాస్త కాల్చనిచ్చాడు. రైఫిల్ గుండు పేల్చే ఆ తుపాకీ భుజాన్ని మెల్లగా నెట్టి ఊరుకుంది. పిస్టల్ గుండు పేల్చే తమరు మాత్రం సిటీ బస్సులో పక్కవాడు మోచేత్తో పొడిచినట్టు పొడిచారు. మీలో చాలామందిది బ్లోబ్యాక్ పద్ధతి. అంటే తూటా పేలినప్పుడు, దాని వెనక మూసి ఉండే బోల్ట్‌ని బిగించి పట్టుకునే ఏర్పాటేమీ ఉండదు. ఆపేవి బోల్ట్ బరువూ, దాని వెనక స్ప్రింగూ, అంతే. అందుకని బోల్ట్‌ని బరువుగా చేస్తారు. ఆ ఇనప దిమ్మ ప్రతి తూటాకీ వెనక్కి దూకి నా ఎముక దాకా వచ్చి ఆగుతుంది. గ్యాస్‌తో నడిచే సిగ్ ఎంపీఎక్స్ లాంటివి, బోల్ట్ తెరుచుకోవడాన్ని కాస్త ఆలస్యం చేసే సీఎంఎంజీ వాళ్ళవి ఈ జబ్బుకి మందు కనిపెట్టాయట. మందు ధర చూశాక నొప్పే నయమనిపించింది.

ఆయన రెండో మాట: ఒకే గుండు, ఒకే మ్యాగజీన్ (తూటాలు నింపే పెట్టె), పిస్టల్‌కీ మీకూ. వించెస్టర్ 1873 కాలం నుంచీ మీ వంశం ఈ ఒకే గుండు మాట చెప్పుకునే బతుకుతోంది. ఆ రైఫిల్ .44-40 గుండుతో నడిచేది, కొన్నేళ్ళకే కోల్ట్ వాళ్ళు అదే గుండుకి రివాల్వర్ చేశారు, గుర్రమెక్కిన ప్రతివాడూ ఒకే రకం తూటాలు నడుముకి కట్టుకుని హాయిగా తిరిగాడు. బాగుంది. మరి నా దగ్గరున్న పిస్టల్ గ్లాక్ కంపెనీది కాదే? మీలో చాలామందికి గ్లాక్ మ్యాగజీనే కావాలి. రూగర్ పీసీ కార్బైన్‌కి లోపలి ముక్క మార్చుకుంటే తన సొంతవీ పడతాయి, గ్లాక్‌వీ పడతాయి. నాది ఆ రెండు కులాలూ కాదు. అయితే పిస్టల్ కూడా మార్చేయండి అన్నాడు గడ్డం పెద్దమనిషి, ఏ మాత్రం మొహమాటం లేకుండా.

మీ పదహారు అంగుళాల బ్యారెల్ తూటా కోసం పుట్టింది కాదు, 1934 నాటి అమెరికా చట్టం కోసం పుట్టింది. అంతకంటే పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌ని ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాలి. దశాబ్దాల పాటు దానికి 200 డాలర్ల పన్ను ఉండేది. 2026 జనవరి 1 నుంచి పన్ను సున్నా, కానీ దరఖాస్తూ, ఫోటో, వేలిముద్రలూ మాత్రం అలాగే ఉన్నాయి. వేలిముద్రలకి భయపడే జాతి కాదులెండి మాది. గ్రీన్ కార్డు చేతికొచ్చేలోపు పది వేళ్ళూ అరిగిపోయేలా ఇచ్చి ఉన్నాం.

నాతో వచ్చిన మా తమ్ముడిది ఇంకా హెచ్-1బీ. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గరుంచుకోకూడదు. మినహాయింపు కావాలంటే ఉన్న దారుల్లో ఒకటి వేట లైసెన్సు. కోడిని కోస్తుంటేనే కళ్ళు మూసుకునే మావాడు జింకల కోసం లైసెన్సు తీసుకుంటే గానీ మిమ్మల్ని ముట్టుకోలేడు. మధ్యాహ్నమంతా అద్దం అవతల కూర్చుని చిప్స్ తిన్నాడు.

ఇవన్నీ క్షమించేవాణ్ణే. అసలు మీ గుమ్మం తొక్కిందే భయంతో. బంగారం ఉంటుందని మనవాళ్ళ ఇళ్ళ మీదే కన్నేసిన ముఠాలున్నాయి. 2019లో మిషిగన్‌లో ఫెడరల్ కోర్టు అలాంటి ఒక ముఠా నాయకురాలికి 37 ఏళ్ళు వేసింది. మీరేమో ఇంటికి కాపలా, ఆదివారం కాలక్షేపం, రెండూ నేనే అంటారు. సరే, కాపలా సంగతి చూద్దామని అడిగితే, గడ్డం పెద్దమనిషి మూడో మాట అన్నాడు. ఆ మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. పిస్టల్ గుండు కాబట్టి గోడలు దాటదట. ఇంట్లో నిశ్చింతగా వాడుకోవచ్చట.

ఏ గోడలండీ?

మా తాత కట్టించిన ఇంట్లో క్యాలెండర్ తగిలించడానికి మేకు కొడితే మేకే వంగేది. ముప్ఫై ఏళ్ళ అప్పు మీద నేను కొన్న టెక్సస్ ఇంటికి బయట మాత్రం ఒక వరస ఇటుక. లోపల గదికీ గదికీ మధ్య ఉన్నది అరంగుళం జిప్సం అట్ట, మూడున్నర అంగుళాల ఖాళీ, మళ్ళీ అరంగుళం అట్ట. తలుపు విసురుగా తీస్తే నాబ్ అందులోకి దిగబడుతుంది. అలా పడిన కన్నం మీద మా అమ్మాయి వేసిన బొమ్మ అంటించి దాచాం. డోర్ నాబ్‌ని ఆపలేని గోడ తమరి తూటాని ఆపుతుందా? ఒకటి కాదు, వరసగా కొన్ని గోడలు దాటుకుని పోతుంది. పైగా పిస్టల్ నాలుగంగుళాల బ్యారెల్ లోంచి సెకనుకి 1150 అడుగుల వేగంతో వచ్చే మామూలు 115 గ్రెయిన్ల బరువున్న గుండు, మీ పొడుగాటి బ్యారెల్ లోంచి వచ్చేసరికి 1300 దరిదాపుల్లోకి చేరుతుంది. అదే గుండు కదా అని తేలిగ్గా అన్నదేమో ఇంకా జోరుగా పోతుంది. ముక్కు గుల్లగా ఉండే హాలో పాయింట్ వాడండి, మనిషికి తగిలితే విచ్చుకుని ఆగిపోతుందన్నాడు. తగిలితే కదా! గురి తప్పి గోడకి తగిలిందంటే ఆ గుల్లలో జిప్సం పొడి కూరుకుపోయి, విచ్చుకోవడం మానేసి మామూలు గుండులాగే ముందుకు పోవచ్చు.

ముందుకంటే ఎక్కడికి? అమ్మానాన్నలు వస్తే మెట్లెక్కలేరని, కింద ఒక బెడ్‌రూమ్ ఉన్న ఇల్లే కావాలని ఏజెంటుని వేపుకు తిని మరీ కొన్నాం. ఆ బెడ్‌రూమ్ ముందు తలుపు పక్కనే. దొంగ నిలబడేది అక్కడ, నేను నిలబడేది మెట్ల మీద, మధ్యలో అట్ట, అట్ట వెనక మా అమ్మ తలగడ.

ఇక మీరు అనడం నావల్ల కాదు. ఒరేయ్ కార్బైనూ, నువ్వు కాపాడతానన్నది ఎవర్నిరా? ఈ ఇంట్లో రాత్రి రెండింటికి కింద చప్పుడైతే అది ఎప్పుడూ మా నాన్నే. జెట్‌లాగ్‌తో నిద్రపట్టక, లైటు వేస్తే కరెంటు దండగని చీకట్లోనే డికాషన్ గిన్నె కోసం తడుముకుంటుంటాడు. నిద్రమత్తులో నిన్ను పట్టుకుని మెట్లు దిగే నా ఎదురుగా చీకట్లో నిలబడి ఉండేది ఆయన. ఈ సంగతి మీ షాపులో ఏ రేటు చీటీ మీదా రాయలేదేం? నిన్ను సేఫ్‌లో పెట్టి తాళం వేస్తే అవసరానికి అందవు. బయట పెడితే పిల్లలున్నారు. గుండ్లతో నిన్ను అజాగ్రత్తగా వదిలేసి, పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం, నేరం కాకపోయినా నేను వదలను. ఇక మన ఇళ్ళ మీద పడే దొంగల్లో చాలామంది మేం గుడికో, ఉగాది ఫంక్షన్‌కో వెళ్ళినప్పుడే వస్తారు. అప్పుడు గాజులతో పాటు నువ్వు కూడా పోతావు.

కాస్త కోపం వచ్చింది. నీళ్ళు తాగి వచ్చాను.

నిజం చెప్పాలంటే, ఆ మధ్య ఊరి బయట రేంజ్‌లో ఇనప పలకల మీద మిమ్మల్ని కాల్చిన రోజు బాగుంది. రైఫిల్ తూటాలైతే దగ్గర్నుంచి ఆ పలకల మీద కాల్చనివ్వరు, పలక పాడవుతుంది, ముక్కలు ఎగిరొస్తాయి. మీ గుండు కాబట్టి తగినంత దూరం నుంచి ఒప్పుకున్నారు. పిస్టల్‌తో ఒక్కటీ కొట్టలేని మా ఆవిడ మీతో వరసగా ఐదు పలకలూ మోగించింది. టంగ్ మని మోగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి నా మొహం చూసింది. కాల్పుల పోటీలు నడిపే అమెరికా సంఘం యూఎస్‌పీఎస్‌ఏ 2016లో మీకంటూ ఒక విభాగం పెట్టిందంటే ఎందుకు పెట్టిందో ఆ రోజు అర్థమైంది. ఆట విషయంలో మీకు వంక పెట్టను. మడతపడి బ్యాగులో ఒదిగిపోయే కెల్-టెక్ సబ్-2000 అయితే మరీ ముద్దొచ్చింది.

ఇంటి కాపలా సంగతి వేరే చూసుకున్నాను. ముందు తలుపు చట్రానికి గొళ్ళెం పడే రేకుని బిల్డరు పట్టించిన స్క్రూలు అంగుళం కూడా లేవు, తంతే ఊడొస్తాయి. వాటిని పీకేసి, లోపలి దూలం దాకా దిగే మూడంగుళాల స్క్రూలు బిగించాను. బంగారం బ్యాంక్ లాకర్‌కి వెళ్ళింది. ఆదివారం మళ్ళీ పలకల దగ్గరికి వస్తున్నాం, లేన్ మా ఆవిడ పేరు మీదే బుక్ చేశాను. అక్కడ కలుద్దాం. ఇంటికి మాత్రం దయచేయకండి.

ఇట్లు,
డాలస్ శివార్లలో ఒక అట్టపెట్టె యజమాని

తా.క.: మా నాన్నకి మీ సంగతి చెప్పలేదు. రాత్రిపూట లైటు వేసుకోమని మాత్రం చెప్పాను. కరెంటు యూనిట్ ఎంత అని అడిగాడు.