ఊహాజనిత వ్యక్తి గారికి తిరుపతి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఊహాజనిత వ్యక్తి గారికి,

తిరుపతి నుంచి ఒక నర్సు నమస్కరించి వ్రాయు విన్నపము. మేమందరం ఇక్కడ క్షేమం. మా పాపకు మొన్న మంగళవారమే రక్తం ఎక్కించారు కనుక ఈ వారం మరీ క్షేమం. తమరి క్షేమసమాచారం అడగడం మర్యాదే గానీ, మా పాపకున్న జబ్బే మా పాపకున్నంత తీవ్రతతో తమరికీ ఉన్నట్టు భావించాలని చట్టమే చెబుతున్నది కాబట్టి, ఆ అడగవలసిన పని లేకుండా పోయింది.

మనకు ముఖపరిచయం లేదు. కలిగే అవకాశమూ లేదు, ఎందుకంటే తమరు లేరు. ఆస్ట్రేలియాకు వలస వెళ్లదలచిన కుటుంబాల ఆరోగ్యాన్ని తూచడానికి ఆ దేశపు నిబంధనలు కల్పించుకున్న మనిషి తమరు. దరఖాస్తు పెట్టుకున్న కుటుంబంలో ఎవరికైనా దీర్ఘవ్యాధి ఉంటే, దాని వల్ల అక్కడి ఖజానా మీద ఎంత భారం పడుతుందో ఒక వైద్యాధికారి అంచనా కడతారు. ఆ అంచనా మా పాప పేరు మీద కాదు, అదే జబ్బు అదే స్థాయిలో ఉన్న 'ఒక వ్యక్తి' పేరు మీద. దరఖాస్తుదారు ఆ సేవలను నిజంగా వాడుకుంటారా లేదా అన్నదానితో నిమిత్తం లేదని నిబంధనలోనే రాసి ఉంది. పైగా 2005లో అక్కడి ఫెడరల్ కోర్టు, జబ్బు పేరు చూసి అందరినీ ఒకే గాట కట్టకూడదనీ, దరఖాస్తుదారుకు ఆ జబ్బు ఏ రూపంలో, ఎంత తీవ్రతతో ఉందో తమరికీ అంతే ఉన్నట్టు ఊహించాలనీ తీర్పు చెప్పింది. అంటే తమరికి జబ్బును కొలతలు తీసి కుట్టించారన్నమాట. మా పాపకు ఉగాదికి కుట్టించిన పట్టులంగా కూడా అంత చక్కగా కుదరలేదు.

తమరి ఖర్చు 86,000 ఆస్ట్రేలియా డాలర్లు దాటితే మా పాప ఆరోగ్యపరీక్షలో తప్పినట్టు. 2024 జులైకి ముందు ఈ హద్దు 51,000 డాలర్లే ఉండేదట, కాబట్టి తమరి హయాంలో ఔదార్యం పెరగలేదని నేను అనను. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెడితే మామూలుగా అయిదేళ్ల ఖర్చు చూస్తారు; జబ్బు నయం కానిదై, ముందుముందు ఎలా నడుస్తుందో తెలిసేదైతే పదేళ్ల దాకా చూస్తారు. మా పాప జబ్బు ఈ రెండో రకం. ఇక ఇంట్లో ఒకరు తప్పితే అందరూ తప్పినట్టే. పరీక్షలో ఒక్క సబ్జెక్టు పోయినందుకు ఇంటిల్లిపాదినీ ఫెయిలు చేసే బడి మా తిరుపతి జిల్లాలో అయితే లేదు.

తమరి ఉనికి నాకు తెలిసిన తీరు కూడా విన్నవించుకుంటాను. పధ్నాలుగేళ్లుగా వార్డుల్లో పని చేస్తున్నాను. ఆస్ట్రేలియాలో నర్సులు కావాలని, తమ దేశానికి అవసరమైన వృత్తుల జాబితాలో మా వృత్తిని ఆ ప్రభుత్వమే పెట్టుకుందని విని, రాత్రి డ్యూటీల మధ్య చదివి ఇంగ్లీషు పరీక్ష రాశాను, నర్సుల అర్హత పరీక్ష ఎన్‌క్లెక్స్ రాశాను, ఆ పైన అడిలైడ్ వెళ్లి బొమ్మ రోగుల ముందు నిలబడి ప్రాక్టికల్ పరీక్ష ఇవ్వడానికి ఎంత కూడబెట్టాలో లెక్క వేసుకున్నాను. కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని చెన్నైలోని ఒక సలహాదారు దగ్గరకు వెళితే, ఆయన నా మార్కులూ అనుభవ పత్రాలూ చూసి ఎంతో మెచ్చుకుని, చివరన "ఇంట్లో అందరూ ఆరోగ్యమేగా అమ్మా?" అని అడిగారు. పాపకు థలసీమియా మేజర్ అని, జీవితాంతం రక్తం ఎక్కించవలసిన పుట్టుజబ్బు అని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తమరిని పరిచయం చేశారు.

ఇంటికి వచ్చి చెప్తే మా అత్తగారికి అర్థం కాలేదు. "యాడుంటాడు మే వాడు? లేనోడి పేరు మీద లెక్క రాసేదేంది?" అని ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పగలిగినవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు.

తమరికీ ఇదే జబ్బు కనుక దాని సంగతి చెప్పనక్కర లేదు. అయితే తమరి వైద్యం లెక్కల్లో జరుగుతుంది, మా పాప వైద్యం మంచం మీద జరుగుతుంది కాబట్టి కొంత తేడా ఉండవచ్చు. పాపకు తొమ్మిదేళ్లు. మూడు వారాలకొకసారి హిమోగ్లోబిన్ చూసి, దాత రక్తం సరిపడుతుందో లేదో క్రాస్ మ్యాచింగ్ చేసి, బరువును బట్టి రక్తం ఎక్కిస్తారు. సూది ఎక్కువగా కుడిచేతికే దొరుకుతుంది కనుక, ఆ మూడు నాలుగు గంటలు వృథా పోకుండా ఇంటిపని చేసుకోవడానికి అది ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ఎక్కించిన ఒక్కో యూనిట్ రక్తంతో పాటు సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వస్తుంది, దాన్ని బయటికి పంపే మార్గం మన శరీరానికి లేదు, వదిలేస్తే గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. అందుకని ప్రతి ఉదయం పరగడుపున మాత్రను నీళ్లలో కరిగించి తాగాలి. గ్లాసు అడుగున మిగిలిన పొడిలో మళ్లీ నీళ్లు పోసి తాగించడం మా ఆయన ఉద్యోగం. ఆ సమయంలో వారిద్దరి మధ్య జరిగే వాదోపవాదాలకు డాలర్లలో విలువ ఎంత కట్టారో తెలుసుకోవాలని ఉంది.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. భార్యాభర్తలిద్దరూ థలసీమియా మైనర్ (జబ్బు పడకుండానే దాని జన్యువును మోసేవారు) అయితే, వారికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఈ ప్రమాదం ఉంటుందని పాఠంగా చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. పెళ్లికి ముందు జాతకాలు చూపించుకున్నాము గానీ, ఒక్క చిన్న రక్తపరీక్ష చేయించుకోలేదు. ఈ మాట తమరి దగ్గర కాబట్టి చెబుతున్నాను. లేని మనిషి దగ్గర సిగ్గు పడనక్కర లేదు.

ఇంతకీ ఈ జబ్బు పేరు గ్రీకు మాట. థలస్సా అంటే సముద్రం. సముద్రాన్ని పేరులోనే పెట్టుకున్న జబ్బు సముద్రం దాటకూడదనడం ఎవరి హాస్యమో తెలియదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బుకు మెల్‌బోర్న్‌లో మంచి వైద్యం ఉంది, అక్కడి మోనాష్ ఆస్పత్రిలో దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత గ్రీసు నుంచీ ఇటలీ నుంచీ ఓడలెక్కి వచ్చినవారి పిల్లలకు ఈ జబ్బు ఉండడం వల్ల అక్కడి వైద్యులు దీన్ని బాగా నేర్చుకున్నారు. ఆ ఓడల్లో తమరు ఎక్కలేదు గాబోలు.

పాపను అమ్మమ్మ దగ్గర వదిలి మేమిద్దరమే వెళితే ఎలా ఉంటుందని కూడా అడిగాను. అడిగినందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. శాశ్వత నివాసపు దరఖాస్తులో, వెంట రాకుండా స్వదేశంలోనే ఉండిపోయే బిడ్డ ఆరోగ్యాన్ని కూడా సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారని ఆ చెన్నై సలహాదారు చెప్పారు. అంటే మా పాప తిరుపతిలో కూర్చుని ఇక్కడి రక్తం ఎక్కించుకుంటున్నా, తమరు మాత్రం అక్కడ ఆస్పత్రిలో మంచం ఎక్కి కూర్చుంటారు. పోనీ ఖర్చంతా మేమే పెట్టుకుంటామని, ప్రైవేటు బీమా తీసుకుంటామని, స్టాంపు కాగితం మీద రాసిస్తామంటే, అదీ చెల్లదట. రేపు ఆ దేశపు ఆస్పత్రి మెట్లెక్కితే మమ్మల్ని ఆపే అధికారం ఎవరికీ ఉండదు కాబట్టి ఆ హామీకి విలువ లేదు. ఈ మాటలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. ఆ దేశంలో పన్ను కట్టేవారి డబ్బు ఊరికే రాలేదు, ఆస్పత్రి పడకలు లెక్కకు మించి లేవు, వార్డులో పని చేసేదాన్ని కనుక పడక విలువ నాకు తెలుసు. నాకు అర్థం కానిదల్లా, పద్దు పుస్తకంలో ఒకే పేజీ ఎందుకు ఉన్నదీ అని. తమరు పదేళ్లలో వాడబోయే మందులన్నీ ఎడమ పేజీలో రాశారు. అదే పదేళ్లలో నేను చేయబోయే రాత్రి డ్యూటీలు, కట్టబోయే పన్ను, శుభ్రం చేయబోయే పుండ్లు, ఆ దేశపు ముసలివాళ్లకు తినిపించబోయే గంజి రాయడానికి కుడి పేజీ లేదు. తమరిని ఊహించుకోగలిగినవారికి నన్ను ఊహించుకోవడం అంత కష్టమా?

తూకమంటే మాకు కొత్త కాదు. పాపకు రెండేళ్లు నిండినప్పుడు, మొక్కు ప్రకారం తిరుమలలో తులాభారం ఇచ్చాము. ఒక సిబ్బెలో పాపను కూర్చోబెట్టి, రెండో సిబ్బెలో బెల్లం పెట్టారు. తమరికి తెలియదు గానీ, ఈ జబ్బున్న బిడ్డ అంత తొందరగా బరువు పెరగదు. ఆ రోజు ఇంకో బెల్లం ముద్ద వేయవలసి వచ్చినప్పుడు మా అత్తగారు కళ్లు తుడుచుకున్నారు, మా ఆయన జేబులోంచి ఇంకో నోటు తీసి సంతోషంగా ఇచ్చారు. బిడ్డ బరువు తూగితే అవతల సిబ్బెలో ఇంకొంచెం వేసి సరిపెట్టడమే నేను చూసిన త్రాసు పద్ధతి. బరువెక్కిందని బిడ్డను కిందికి దించి, అమ్మానాన్నలను కూడా కొండ దిగిపొమ్మనే త్రాసును నేను తమరి దగ్గరే చూశాను.

తమరి ప్రతాపం మా వంటివారి మీదే కాదని తెలిసి కొంత ఊరట కలిగింది. విక్టోరియా రాష్ట్రంలో హోర్షమ్ అనే ఊరికి, వైద్యులు దొరకని కాలంలో, జర్మనీ నుంచి ఒక వైద్యుడు వచ్చి పని చేశారు. 2008లో ఆయన కుటుంబం శాశ్వత నివాసానికి దరఖాస్తు పెడితే, కొడుకుకు డౌన్ సిండ్రోమ్ ఉందని కాదన్నారు. ఊరంతా గొడవ చేసిన తరువాత మంత్రి కలగజేసుకుని అనుమతి ఇచ్చారు. చిత్రమేమిటంటే, వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆస్ట్రేలియా ఆమోదించినది కూడా ఆ ఏడే. ఆమోదిస్తూనే, తమ దేశానికి వచ్చే విదేశీయుల ఆరోగ్య నిబంధనలను ఆ ఒప్పందం తాకదని తమ అవగాహనగా ఒక ప్రకటన చేర్చింది. 1992 నాటి వారి వికలాంగ వివక్ష నిరోధక చట్టంలోనూ వలస చట్టానికి మినహాయింపు ఉంది. తలుపు మీద 'అందరికీ స్వాగతం' అని రాసి, గడప దగ్గర తమరిని కాపలా పెట్టడం ఎవరికైనా మెచ్చుకోదగిన ఏర్పాటే.

తమరి బంధువులను కూడా విచారించాను. న్యూజిలాండ్‌లో ఉన్నాయన 81,000 న్యూజిలాండ్ డాలర్ల దగ్గర కూర్చుని ఉన్నారు. బ్రిటన్‌లో ఉన్నాయన బేరగాడు, పెద్దవారికి ఏడాదికి 1,035 పౌన్లు ముందే తీసుకుని లోపలికి పంపిస్తాడు, నర్సు వీసాల మీద వచ్చేవారి దగ్గర ఆ రుసుమూ తీసుకోడు. బంధువుల్లో ఆయనే కాస్త లౌక్యం తెలిసినవాడని నా అభిప్రాయం.

మే నెలలో మా తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. జనం బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతారు. అయితే ఒక పద్ధతి ఉంది, జాతర అయిపోయాక వేషం తీసి, ముఖం కడుక్కుని, ఎవరిళ్లకు వారు వెళతారు. తమరు మా పాప వేషం వేశారు, బాగానే ఉంది. పదేళ్లయినా ఆ వేషం తీయకపోవడమే ఇబ్బందిగా ఉంది. ఈ తగువు తీర్చడానికి కాణిపాకం తీసుకెళ్లి, కోనేటిలో ముంచి, వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తే సరిపోతుందని మా అత్తగారి సలహా. ముంచడానికి ఒళ్లు కావాలి గదా అని నేను ఆమెకు ఇంకా చెప్పలేదు.

చెన్నై సలహాదారు ఒక సందు చూపించారు. యజమానే ముందుకొచ్చి పిలిపించుకునే వీసాల్లో కొన్నింటికి మినహాయింపు అడిగే వీలుందట. అక్కడ తమరి లెక్క ఎలాగూ ఉంటుంది, దాని పక్కన నా డ్యూటీలూ, మా కుటుంబం సంగతులూ రాసి పెట్టుకోవచ్చట, నిజంగా బతికి ఉన్న ఒక అధికారి వాటిని చదువుతారట. ఆ కుడి పేజీ కోసం ఇప్పుడు నేను కాగితాలు పోగు చేస్తున్నాను. నా అనుభవ పత్రాలతో పాటు పాప ఎడమచేత్తో రాసిన ఎక్కాల నోటుబుక్కు కూడా పెడితే బాగుంటుందా, పిచ్చిదనుకుంటారా అని మా ఆయనతో తర్కం నడుస్తున్నది.

ఇట్లు,
దరఖాస్తు ఇంకా పెట్టని ఒక నర్సు,
తిరుపతి.

తా.క.: ఎండాకాలం సెలవులకు యూనివర్సిటీ పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయి, రక్తనిధిలో సంచులు తగ్గిపోయాయి. పాపకు వచ్చే విడత రక్తం రెండు రోజులు ఆలస్యమయ్యేట్టుంది. దాతల కోసం తెలిసిన వారందరికీ ఫోన్లు చేస్తూ, వరసలో తమరి పేరు దగ్గర ఆగాను. గ్రూపు కూడా కలిసేది గానీ, తమరికీ ఇదే జబ్బు కనుక అడిగి లాభం లేదని పక్కన పెట్టి, తరువాతి నంబరు కలుపుతున్నాను.